తోడికోడలు పారేసినవి

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని సామెత. మా తోడికోడలు నవ్వను కూడా లేదు. అయినా ఏడ్చాను. అదీ ఆఫీసు బాత్రూములో, కొళాయి తిప్పుకుని, ఎవరికీ వినపడకుండా. అది నాకంటే పదకొండేళ్లు చిన్నది. ఏడో తరగతితో చదువు మానేసింది. సంతల్లో ఎండుచేపలు అమ్ముకునేది. నేనేమో జువాలజీలో డిగ్రీ చేసి, పద్నాలుగేళ్లుగా మైక్రోస్కోపు కింద దోమల్ని కోస్తున్న మనిషిని. నా కుర్చీ తీసి దానికిచ్చారు.

కుర్చీ అంటే నిజంగా కుర్చీయే. గొప్ప సింహాసనమేం కాదు, కింద మర తిప్పి ఎత్తు మార్చుకునే పాత స్టూలు. ఆ మర నేను రాకముందే సగం అరిగిపోయింది. పద్నాలుగేళ్లలో దాన్ని తిప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే నేను తప్ప అందులో ఎవరూ కూర్చోలేదు.

శృంగవరపుకోట దాటి కొండల వైపు పోయే రోడ్డు మీద మా కేంద్రం ఉంది. మలేరియా మీద పరిశోధన చేస్తారు. జ్వరంతో వచ్చిన మనిషి ఒప్పుకుంటే కాస్త రక్తం తీసుకుని, గోరువెచ్చగా ఉంచి, పల్చటి పొర గుండా మా పెంపుడు దోమలకు తాగిస్తాం. ఆ రక్తంలోని మలేరియా క్రిమి దోమ పొట్టలో పెరుగుతుంది. రెండు వారాలు తిరిగేసరికి వేలకు వేలై దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. ఇక కుట్టిన మనిషికల్లా జ్వరమే. ఆ గ్రంథుల్ని మేం గ్లాండ్స్ అనేస్తాం. చలిలో పెట్టి మత్తెక్కించిన దోమని నీటిచుక్కలో పడుకోబెట్టి, ఒక సూదితో ఒళ్లు నొక్కిపట్టి, ఇంకో సూదితో తల మెల్లగా లాగితే, ఆ తలతో పాటు గ్లాండ్స్ బయటికొస్తాయి. రెండు వస్తాయి, ఒక్కోదానికి మూడేసి పాయలు. బలం ఎక్కువైతే తెగి లోపలే ఉండిపోతాయి. అంతే పని. కానీ ఆ అంతే పని చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కిందటేడు మా మేడమ్ కొత్త పని మొదలుపెట్టింది. ఆవిడది వేరే రాష్ట్రం. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క చదవలేదు. అందుకని కాగితాల మీద ఉన్నదాన్ని అందరికీ తెలుగులో విడమరిచి చెప్పే పని ఎప్పుడూ నాదే. కొత్త పని గురించి కూడా నేనే చెప్పాను. గ్లాండ్స్‌లో చేరిన మలేరియా క్రిములన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, సన్నగా, కొడవలి వంపుతో. ఒక్కో క్రిమీ ఒక్క కణమే, అన్నిట్లోనూ జన్యువులు అవే. అయితే ఏ కణంలో ఏ జన్యువు ఇప్పుడు పనిచేస్తోంది, ఏది ఊరుకుంది అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉండొచ్చు. అందరి వంటింట్లోనూ గిన్నెలు అవే ఉంటాయి, ఈ పూట ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వేరు కదా, అన్నాను. ఇదివరకు వేల కణాల్ని కలిపి నూరి చూసేవారు. వీధిలో అందరి కూరలూ ఒకే గిన్నెలో పోసి రుచి చూస్తే ఏం తెలుస్తుంది నా మొహం! ఇప్పుడు ఒక్కో కణాన్నీ విడిగా చూస్తారు. కాకపోతే గ్లాండ్స్ లాగిన దగ్గర్నుంచి చల్లటి మందులో పడేదాకా ఆలస్యం కాకూడదు. ఆలస్యమైతే కణం బెదిరి వేరే వంట మొదలెట్టేస్తుంది. మనకి కావలసింది దాని మామూలు వంట, కంగారు వంట కాదు.

నా ఉపమానానికి మేడమ్ ముచ్చటపడి తల ఊపింది. ఆ వెంటనే అసలు మాట చెప్పింది. చేతికీ చేతికీ తేడా వస్తుంది కాబట్టి ఈ సీజనంతా ఒకే చెయ్యి కోయాలట. ఎవరి చెయ్యి బాగుందో పరీక్ష పెట్టి చూస్తుందట. ఆ మనిషే తర్వాత మిగతా కేంద్రాల వాళ్లకి నేర్పాలట. పరీక్షేమిటి, నేనుండగా? అలా అనుకుని ఆ రోజు ఇంటికి వెళ్తూ బూందీ లడ్డూలు కూడా కొన్నాను.

మా తోడికోడల్ని ఆ ఆఫీసులోకి తెచ్చింది నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మా ఆయనా మా మరిదీ ఒకే ప్రహరీలో రెండు వాటాల్లో ఉంటారు. సముద్రం ఒడ్డున మా అత్తవారి ఊరు వదిలి, చేపల వ్యాను నడపడానికి ఇటొచ్చి స్థిరపడ్డారు. మా తోడికోడలు ఎండునెత్తళ్ల గంప, అదే, వేలెడంత సన్నచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగేది. బస్సులెక్కీ దిగీ దాని మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఆముదం రాసుకుంటూ మూలుగుతుంటే చూడలేక, దోమపిల్లల్ని పెంచే ట్రేలు కడిగే పని ఉందంటే మేడమ్‌తో చెప్పి పెట్టించాను. పెట్టించి ఊరుకున్నానా? నేను లేకపోతే దీని గతేమయ్యేదో అని నలుగురిలోనూ చెప్పుకున్నాను.

అది చేరిన నాలుగో నెలలో అనుకుంటా, కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిలకి గ్లాండ్స్ తియ్యడం నేర్పుతున్నాను. తల ఒకచోట, గ్లాండ్స్ ఒకచోట. విసుగొచ్చి అరుస్తున్నాను. మా తోడికోడలు తడి ట్రే చేత్తో పట్టుకుని వెనక నిలబడి చూసి చూసి అంది.

“ఇదేటప్పా, నెత్తల్ల తల లాగినట్టే గదా? బొటనేలితో నొక్కీసి, కూసింత తిప్పి లాగితే పొట్టలోదంతా తలతోటే వొచ్చీదా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “రావే, నువ్వే లాగు సూద్దాం,” అని సూదులు దాని చేతికిచ్చాను. పరువు తీద్దామనే ఇచ్చాను, దాచడమెందుకు. అది చేతులు చీరకి తుడుచుకుని, ఓ అమ్మాయి లేచిన చోట కూర్చుంది. రెండు కళ్లతో చూడటం చాతకాక ఒక కన్ను మూసుకుంది. నోట్లో ఏదో గొణుక్కుంటూ చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తిప్పింది. రెండు గ్లాండ్సూ, ఆరు పాయలూ, ఎక్కడా చిరగకుండా నీటిలో తేలాయి. ఇంకో దోమ ఇచ్చాను. అదీ అంతే.

“సేప కన్నా సుళువప్పా,” అంది. “జారిపోదు.”

మా అమ్మ కూడా చేపల గంప మోసిన మనిషే. అయినా నా చేతికి నీచువాసన అంటకూడదని ఒక్కనాడు కూడా నన్ను నెత్తళ్ల దగ్గర కూర్చోనివ్వలేదు. నా ఈడు పిల్లలు గోళ్లు నల్లబడేలా నెత్తళ్ల తలలు లాగుతుంటే నేను చాప మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. దానికి ఎంత గర్వమో నాకు! ఆ గర్వమంతా ఆ మధ్యాహ్నం దిగిపోయింది. పద్నాలుగేళ్లూ నేను చేస్తున్నది నెత్తళ్ల పనేనని తెలిసింది.

ఆ సంగతి మేడమ్ చెవిన పడి, ట్రేలు మాన్పించి దాన్నీ కోతకి కూర్చోబెట్టింది. అక్కణ్నుంచి నాకు నిద్రాహారాలు లేవు. దాని స్లైడ్లు అది వెళ్లాక తీసి చూసేదాన్ని, ఎక్కడైనా చిరుగుంటుందేమోనని. ఉండేది కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మొండిబారిన సూదులు ఏరి దానికిచ్చాను. అది నన్నేమీ అడగలేదు. పెరటి మెట్టు మీద నీళ్లు చల్లి, చేపలకత్తి నూరినట్టు నూరుకుని వచ్చింది. ఆ సూదులు నావాటికంటే బాగా తయారయ్యాయి. ఇంట్లో చూస్తే, మరిది వాటాలో ఉండే మా అత్తగారు పుండు మీద కారం చల్లినట్టు, “సదివినోల్లు సదువుతారు, సేసినోల్లు సేత్తారు,” అని గోడకి చెప్పేది. గోడకి అటువైపు నేనుండేదాన్ని.

పరీక్ష రోజు ఇద్దరికీ ఇరవయ్యేసి దోమలిచ్చారు. మేడమ్ ఫోనులో టైము పెట్టింది. నేను మూడు చింపాను. అది ఒక్కటీ చింపలేదు. నాకింకా ఆరు మిగిలుండగానే పని ముగించి, సూదులు కడిగి, నా వైపు చూసి, “నిదానంగ సెయ్యప్పా, తొందరేటి?” అంది. మంచిగానే అంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

“ఈ సీజన్ ఈమె చేస్తుంది,” అంది మేడమ్. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, “మీరు పక్కనే ఉండండి. టైము రాయండి, ట్యూబులు చూసుకోండి. మీ అనుభవం నాకు కావాలి,” అంది. అనుభవం! పీటల మీద ఇంకొకర్ని కూర్చోబెట్టి నన్ను విసనకర్ర పట్టుకోమంటే దాని పేరు అనుభవం. అప్పుడే బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పాను. బయటికొచ్చేసరికి అది నా స్టూలు మర తిప్పి కిందికి దించుకుంటోంది. నాకంటే పొట్టిది కదా. మర కిర్రుమంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, “నువ్వు తెచ్చిన మనిసే గదేటి? సంతోసపడాల గాని,” అన్నాడు. అన్నం గిన్నె ఆయన ముందు నుంచి ఎత్తేశాను. పాపం, ఆయన తప్పేముంది.

పని మొదలయ్యే ముందు రోజు మేడమ్ ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి, ఎలా చెయ్యాలో దానికి తెలుగులో చెప్పమంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. దోమ ఎంతసేపు చలిలో ఉండాలి, మందు ఎంత చల్లగా ఉండాలి, లాగిన గ్లాండ్స్ ఎంతలో ట్యూబులో పడాలి. అన్నీ చెప్పాను, ఒక్క వాక్యం తప్ప. ఆ పూటకిచ్చిన కాగితం కప్పులో ఉన్న దోమలన్నిటినీ వరసగా కోయాలి, వచ్చిన గ్లాండ్స్ ఎలా ఉన్నా అన్నీ ట్యూబులో వెయ్యాలి, దేన్నీ ఏరకూడదు అని ఉంది. అది చదివి వదిలేశాను. ఈ పని తెలిసినవాళ్లెవరికీ చెప్పక్కర్లేని మాట అనిపించింది, అదొకటి. తొందరగా కాగితం మడిచి దాని ముఖం ముందు నుంచి లేచిపోవాలనిపించింది, అది రెండోది. రెండోదే పెద్దది.

మొదటి రోజు గంట గడిచిందో లేదో చూశాను. లావుగా, తేటగా ఉన్న గ్లాండ్స్ వస్తే ట్యూబులో వేస్తోంది. పల్చగా, మసకగా, కాస్త వాడినట్టున్నవి వస్తే సూది మొనతో స్లైడు అంచుకి తోసేసి, చిన్న కాగితం ముక్కతో తుడిచేస్తోంది. అంత ధ్యాసగా, అంత శ్రద్ధగా! ఎందుకు చేస్తోందో నాకు వెంటనే అర్థమైంది. సంతలో చేపలమ్మే మనిషి గంప దించగానే ముందు చేసే పని అదే. మెత్తబడినవీ, తల ఊడినవీ ఏరి అవతల పారేస్తుంది. ఒక్క చెడ్డది ఉన్నా గంపంతా చెడుతుంది, కొన్న మనిషి మళ్లీ సంతకి మొహం చూపించదు. వాళ్ల నీతి అది. చెడ్డ సరుకు ఒకరికి అంటగట్టకూడదు.

కానీ ఇక్కడ చెడ్డదంటూ లేదు. పల్చటి గ్లాండ్స్‌లో ఉన్న క్రిమి ఏం చేస్తోందో కూడా కావాలి. అసలు ఈ ఖర్చూ ఈ కష్టమూ అందుకే. ఒసే, అలగ ఏరకూడదే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అబ్బ, ఎంత హాయిగా ఉందో! నెల రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. చెయ్యనీ. అన్నీ ఇలాగే చెయ్యనీ. లెక్క తేలిన రోజు మేడమ్ ఏమంటుందో చూద్దాం, అనుకున్నాను. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. రేపు తేడా వచ్చిందంటే ఎవరి వల్ల వచ్చిందో రుజువేది? నాకు సాక్ష్యం కావాలి. “పక్కకి తోసినవి నువ్వు తుడవకే, స్లైడు ఇలగియ్యి, నాను కడుగుతాను,” అన్నాను. “నీకెందుకప్పా సెమ?” అంటూనే ఇచ్చింది. అది పారేసిన గ్లాండ్స్‌ని నేను అదే చల్లటి మందులోకి తీసి, చిన్న ట్యూబుల్లో వేసి, తారీకూ టైమూ రాసి దాచాను. ఒక్క రోజు కాదు, సీజనంతా. ఇంత శ్రద్ధగా నేను ఏ పనీ చెయ్యలేదు. ట్యూబులన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, ఫ్రీజరులో నా అరలో వెనక్కి తోశాను. సమయం రాకముందే మేడమ్ కంటపడితే అర్థం కాకూడదని మూత మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: తోడికోడలు పారేసినవి.

వానలు తగ్గాయి. జ్వరాలు తగ్గాయి. సీజను ముగిసింది. నగరంలో పెద్ద ల్యాబుకి మేం పంపిన ట్యూబుల ఫలితాలు నెలన్నరకి మేడమ్ కంప్యూటరులోకి వచ్చాయి. మా ఇద్దర్నీ పిలిచింది. తెర మీద బోలెడన్ని చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కణం. ఒకేలాంటి జన్యువులు పనిచేస్తున్న కణాలు పక్కపక్కన చేరతాయి. మావన్నీ ఒకే కుప్పగా ఉన్నాయి. మేడమ్ ఇంకో బొమ్మ తెరిచింది. అంతకుముందు మచ్చుకి నేను కోసినది. అందులో కుప్ప ఉంది, కుప్ప పక్కనుంచి విడివిడి చుక్కలతో ఒక తోక కూడా ఉంది.

“ఈ తోక ఏమైంది?” అంది మేడమ్. “గ్లాండ్స్‌లోకి అప్పుడే వచ్చి ఇంకా మారుతున్న కణాలు కావచ్చు ఇవి. ఈసారి ఒక్కటీ లేదు. ఇవి లేకపోతే నా పనిలో సగం లేదు. మధ్యలో ఏమైనా మార్చారా?”

నా రోజు వచ్చింది. పమిట సర్దుకున్నాను. నెలల తరబడి మనసులో నూరుకున్న వాక్యం సిద్ధంగా ఉంది: మొదటి రోజు నుంచీ చూస్తున్నాను మేడమ్, ఈవిడ చేసే నిర్వాకం. నోరు తెరిచేలోపల మా తోడికోడలే అంది.

“సెడ్డవి నానే తీసీసినాను మేడమ్. మీకు మంచియే ఎల్లాలని.”

ఎంత ధీమాగా అందో. మెచ్చుకుంటారనుకుంది. మేడమ్ తెర మీంచి చూపు దాని వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, “తీసేసినవి ఎక్కడున్నాయి?” అంది. “తుడిసీసినాను... కడిగీసినాం,” అంది ఇది, గొంతు తగ్గిపోయి, నా వైపు చూస్తూ. మేడమ్ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆ మనిషి అలా కూలబడటం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ వానలు పడి, మళ్లీ జ్వరాలొచ్చేదాకా ఆ దోమలు దొరకవు.

జాలేసి చెప్పానని రాసుకుంటే బాగుండును. జాలి కాదు. సాక్ష్యం చూపించాలని ప్రాణం పీకుతోంది. “ఉన్నాయి,” అన్నాను. పరుగెత్తుకెళ్లి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడమ్ మూత తీసింది. వరసగా ట్యూబులు, ఒక్కోదాని మీద తారీకు, టైము. ఒక్కొక్కటే తీసి చూస్తూ, “అన్నీ దాచారా? మొదటి రోజు నుంచీ?” అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. లేచి నన్ను కౌగిలించుకుంది. నా వాక్యం నా గొంతులోనే ఉండిపోయింది. అప్పుడావిడ మూత తిప్పి చూసి, “ఇక్కడేం రాశారు?” అని అడిగింది.

మూత అందుకోబోయాను. ఆ గదిలో తెలుగు చదవగలిగింది నేను ఒక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఏడో తరగతి నా లెక్కలో చదువే కాదు. మా తోడికోడలు మెడ ముందుకి చాచి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి నా మొహం చూసింది. కోపంగా కాదు, తెలీని మనిషిని చూసినట్టు చూసింది.

“‘పారీకండి, దాసండి’ అని రాసినాది మేడమ్ మా అప్ప,” అంది.

ఆ పెట్టె అలాగే భద్రంగా నగరానికి వెళ్లింది. మర్నాటి నుంచి నా కుర్చీ నాకొచ్చింది. మా తోడికోడలు పనికి రాలేదు. అలిగిందా అంటే అలగలేదు. పెరట్లో ఎదురుపడితే మామూలుగానే, “కూరేటప్పా?” అని అడిగేది. గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. “ఆమెని తీసుకురండి, ఆ చెయ్యి నాకు కావాలి, మీరు చెప్తే వింటుంది,” అని మేడమ్ రోజూ పోరేది. దానికి మోకాళ్ల నొప్పులు మేడమ్ అని రోజూ చెప్పేదాన్ని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గంప మోస్తారా అని ఆవిడ అడగలేదు గానీ, నన్ను నేను అడుక్కున్నాను. కుర్చీ కూడా నా మాట వినలేదు. అది దించిన మర మళ్లీ పైకి రానంది. ఎంత తిప్పినా తిరిగిన చోటే తిరిగింది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని పనిచేస్తే సాయంత్రానికి నడుము పట్టేసేది.

కొన్నాళ్లకి పెట్టెలోవాటి ఫలితం వచ్చింది. తోక దొరికింది. మేడమ్ ఆ బొమ్మ కాగితం మీద తీసి, నా బల్ల ఎదురుగా గోడకి అంటించి, అందరికీ టీ తెప్పించింది. “ఈవిడ ముందుచూపు వల్ల,” అని నన్ను చూపించింది. చప్పట్లు కొట్టారు. గ్లాసు అక్కడే పెట్టేసి, సెలవు చీటీ రాసి, సంతకి వెళ్లాను.

అది గోనెపట్టా మీద కూర్చుని, కాళ్లు ముందుకి చాపుకుని, నెత్తళ్ల కుప్పలో మంచివి పైకి ఏరుతోంది. నేను పక్కన కూలబడ్డాను. “సీర పాడైపోద్ది, లెగప్పా,” అంది. లేవలేదు.

“ఆ రోజు అబద్ధమెందుకు సెప్పినావే?” అన్నాను.

“ఇంట్లో గొడవ మేడమ్ కాడ ఇప్పుకుంటామేటి?” అంది, కుప్పలోంచి చూపు తియ్యకుండా. మెత్తబడినదొకటి ఏరి అవతల పడేసి, “నాకొకటే తెలవలేదు. ఆ కుర్సీ నీకంత కావాలంటే అడగొచ్చు గదా. నానే లెగీదును,” అంది.

ఎవరో ఒకావిడ వచ్చి నెత్తళ్లు అడిగి, వాసన చూసి, తీసుకుని వెళ్లిపోయింది. క్షమించమని అడుగుదామని దారిపొడవునా అనుకుంటూ వచ్చాను. ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది.

“ఆ కాగితంలో ఒక ముక్క నీకు సెప్పలేదు.”

“ఏటది?”

“కప్పులో ఉన్న దోమలన్నీ కొయ్యాల. గ్లాండ్స్ ఎలగున్నా ట్యూబులో ఎయ్యాల. మంచిదీ సెడ్డదీ అని ఏరకూడదు.”

దాని చెయ్యి కుప్ప మీద ఆగిపోయింది. “అంతేనేటి?” అంది.

“అంతే.”

“ఈపాటి ముక్క సెప్పడానికి ఇన్నాల్లేటప్పా?”

మళ్లీ పనికి రమ్మన్నాను. వానలు పట్టాక మళ్లీ మొదలవుతుంది, నువ్వే కొయ్యాలి, నేను టైము రాస్తాను, అన్నాను. “వస్తాను గాని, అన్నీ సెప్పాల. ఒక్క ముక్క మింగీకూడదు,” అంది. నేను తలూపాను. తర్వాత నాకని ఒక పొట్లం కడుతూ, అలవాటు కొద్దీ లావుపాటివి ఏరడం మొదలెట్టింది.

“ఏరకే, అన్నీ కలిపి పొయ్యి,” అన్నాను.

అప్పుడు నవ్వింది మా తోడికోడలు. సంతలో అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది.

ఈ ఏడు వానలు పడ్డాయి, జ్వరాలు మొదలయ్యాయి. అది కుర్చీలో కూర్చుంటోంది, పక్కన నేను టైము రాస్తున్నాను. కడుపు మండటం లేదా అంటే మండుతోంది. దాని చేతిలో దోమ తలలు అంత సుళువుగా ఊడొస్తుంటే ఎవరికి మండదు? పల్చటి గ్లాండ్స్ కనపడినప్పుడల్లా దాని సూది మాత్రం ఒక్క క్షణం ఆగుతుంది.

“ఎయ్యవే,” అంటాను.

వేస్తుంది.